"బాగానే చూసుకుంటున్నారు" అంటే ఎంత బాగా?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పెద్ద గ్రామం. తోడు లేదని బాధపడే పెద్దవాళ్ళ ఇళ్ళకు వారానికోసారి మా వయోవృద్ధుల సంఘం తరఫున వలంటీర్లను పంపాలనుకుంటున్నాం. ముందు ఎవరికి అవసరమో తెలుసుకుందామని, సంఘం సమావేశానికి వచ్చినవాళ్ళనూ, మరికొందరిని ఇళ్ళకు వెళ్ళీ "మీవాళ్ళు మిమ్మల్ని బాగా చూసుకుంటున్నారా?" అని అడిగాం. దాదాపు అందరూ "బాగానే చూసుకుంటున్నారు" అన్నారు. అందులో కొందరి సంగతి ఊరందరికీ తెలుసు! ఖర్చు భరిస్తానన్న మా ఊరి ఎన్నారై కుర్రాడేమో ఏడాది తర్వాత మార్పు ఎంతో అంకెల్లో చూపించమంటున్నాడు. మనసులో ఉన్నదాన్ని అంకెల్లో కొలవగలమా? ఎలా అడగాలి?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, భీమవరం దగ్గర

సమాధానం: కొలవచ్చు మాస్టారూ. కాకపోతే మీరు అడిగిన ప్రశ్నతో మాత్రం కుదరదు. "బాగా చూసుకుంటున్నారా" అని అడిగితే కన్నబిడ్డల మీద తీర్పు చెప్పమన్నట్టే. కొడుకు పరువు తీసే మాట ఏ తల్లీ పొరుగువాళ్ళ ముందు అనదు. పైగా ఆ ప్రశ్న మీకు కావలసినదాన్ని తాకదు. కొలవాల్సింది పిల్లల ప్రవర్తనను కాదు. "నాకు అవసరం వస్తే మనిషి ఉన్నాడు" అన్న నమ్మకం ఆ పెద్దాయన మనసులో ఎంత ఉందో, దాన్ని.

ఈ నమ్మకం వేరు, నిజంగా అందుతున్న సాయం వేరు. రెండూ కలిసి నడుస్తాయనుకుంటాం గానీ, అంతగా నడవవు. ఈ రెంటినీ పోల్చిన అధ్యయనాలన్నింటినీ 2007లో ఒకచోట చేర్చి లెక్కిస్తే, వాటి మధ్య సహసంబంధం (పూర్తిగా కలిసి నడిస్తే 1, సంబంధమే లేకపోతే 0) సగటున 0.35 మాత్రమే వచ్చింది. నెలనెలా డబ్బు వస్తున్నా "నాకెవరున్నారు" అనుకునేవాళ్ళు ఉంటారు. ఏ సాయమూ తీసుకోకపోయినా "పిలిస్తే పరుగెత్తుకొస్తారు" అని నిశ్చింతగా ఉండేవాళ్ళూ ఉంటారు. కాబట్టి "ఊరందరికీ తెలుసు" అన్నది కొలత కాదు. ఊరికి కనిపించేది అందుతున్న సాయం ఒక్కటే.

మీకు రెండు పనులున్నాయి: ఎవరి ఇంటికి ముందు వెళ్ళాలో తేల్చడం, ఏడాదిలో మార్పు చూపడం. రెంటికీ ఒకే పనిముట్టు సరిపోదు.

మొదటి పనికి లబ్బెన్ స్కేలు వాడండి. ఆరు ప్రశ్నలుండే దాని చిన్న రూపం 2006లో వచ్చింది. ఇది మనసును కాక మనుషులను లెక్కపెడుతుంది. బంధువుల గురించి మూడు ప్రశ్నలు: నెలకు ఒక్కసారైనా ఎంతమందిని కలుస్తారు లేదా ఎంతమందితో మాట్లాడతారు? సొంత విషయాలు చెప్పుకునేంత చనువు ఎంతమందితో ఉంది? సాయం అడగగలిగినంత దగ్గరివాళ్ళు ఎంతమంది? ఇవే మూడు ప్రశ్నలు ఇరుగుపొరుగు, స్నేహితుల గురించి మళ్ళీ అడుగుతారు. ఎవరూ లేరంటే 0, ఒకరికి 1, ఇద్దరికి 2, ముగ్గురు నలుగురికి 3, ఐదు నుంచి ఎనిమిది మందికి 4, తొమ్మిది అంతకు మించితే 5. మొత్తం 30. 12కి తగ్గితే ఆ మనిషి ఒంటరితనం అంచున ఉన్నట్టు. బంధువుల భాగంలో గానీ స్నేహితుల భాగంలో గానీ విడిగా 6కు తగ్గితే ఆ వైపు లోటున్నట్టు. ఈ హద్దులను హాంబర్గ్, లండన్, స్విట్జర్లాండ్‌లోని సోలోతుర్న్ నగరాల పెద్దల మీద పరీక్షించి చూశారు. గోదావరి జిల్లా ఊరికి వాటిని హెచ్చరికగా తీసుకోండి, తీర్పుగా కాదు.

మన ఊళ్ళలో ఈ స్కేలు రెండుచోట్ల తప్పుతుంది. ఒకటి వరసలు. పక్కింటావిడ "వదిన", ఎదురింటాయన "బాబాయి". బంధువులెంతమంది అని అడిగితే వీధి మొత్తాన్ని కలిపేస్తారు. అందుకే ముందు ఒక కాగితం మీద మనుషుల జాబితా రాయించి, ప్రతి పేరు దగ్గరా "రక్తసంబంధమా, పెళ్ళి సంబంధమా, వరస కలుపుకున్నదా?" అని అడిగి గుర్తు పెట్టండి. వరస కలుపుకున్నవాళ్ళు స్నేహితుల భాగంలోకి వెళ్తారు. పని అయ్యాక పేర్లున్న ఆ కాగితాన్ని చించేయండి, అంకెలుంటే చాలు. రెండోది ఉమ్మడి కాపురం. కొడుకు, కోడలు, ముగ్గురు మనవలూ ఒకే కప్పు కింద ఉంటే గడప దాటకుండానే మొదటి ప్రశ్నకు 4 వచ్చేస్తుంది. అది తప్పు కాదు గానీ, "ఇంట్లోవాళ్ళు కాక ఎంతమంది?" అని పక్కన ఇంకో గడి పెట్టుకోండి. దాన్ని మొత్తంలో కలపొద్దు, విడిగా చూడండి.

ఒక ఉదాహరణ చూద్దాం. 72 ఏళ్ళ ఒకావిడకు బంధువుల వైపు 3, 1, 2 కలిపి 6 వచ్చాయి. ఇరుగుపొరుగు వైపు 2, 0, 1 కలిపి 3. మొత్తం 9. 12కి తక్కువ కనుక మీ జాబితాలో ఉండాలి. కానీ లోటు ఎటు ఉందో చూడండి. బంధువుల భాగం హద్దు మీద నిలిచింది, పడిపోయింది స్నేహితుల భాగం. ఈవిడ కొడుక్కి ఫోన్ చేసి మాట్లాడినందువల్ల పెద్ద ఉపయోగం లేదు. వీధిలో ఇద్దరితో పొత్తు కుదిర్చితే ఉంటుంది.

రెండో పనికి, అంటే ఆ నమ్మకాన్ని కొలవడానికి, జిమెట్, ఆయన సహచరులు 1988లో ప్రచురించిన 12 వాక్యాల స్కేలు తీసుకోండి. వాడుకకు రుసుమేమీ లేదు, తయారుచేసినవారి పేరు చెబితే చాలు. కుటుంబం గురించి నాలుగు, స్నేహితుల గురించి నాలుగు, "నాకంటూ ఒక మనిషి" గురించి నాలుగు వాక్యాలుంటాయి. ఒక్కోదానికి "అస్సలు ఒప్పుకోను" అనే 1 నుంచి "పూర్తిగా ఒప్పుకుంటాను" అనే 7 దాకా జవాబు.

ఏడు మెట్ల జవాబు చెప్పమంటే చదువుకున్నవాళ్ళే తడబడతారు. దాన్ని రెండు అంచెలుగా విడగొట్టండి. వాక్యం చదివాక ముందు "మీ విషయంలో ఇది నిజమేనా, కాదా, చెప్పలేరా?" అని మాత్రమే అడగండి. "చెప్పలేను" అంటే 4 వేసి తర్వాతి వాక్యానికి వెళ్ళండి. "నిజమే" అంటే మూడు చింతగింజలు ముందుంచి, "కొంచెం నిజమైతే ఒకటి, బాగా నిజమైతే రెండు, నూటికి నూరుపాళ్ళూ నిజమైతే మూడూ తీయండి" అనండి. అవి 5, 6, 7. "కాదు" అంటే అదే పద్ధతిలో 3, 2, 1. మొదటి రెండు మూడు వాక్యాల దగ్గర ఆలస్యమవుతుంది, ఆ తర్వాత చెయ్యి దానంతటదే గింజల మీదికి వెళ్తుంది. "ఏదోలే నాయనా", "అలా జరిగిపోతోంది" లాంటి మాటలకు 4 వేసేయకండి. అవి మధ్యస్థమైన జవాబులు కావు, జవాబు తప్పించుకునే మాటలు. వాక్యాన్ని ఇంకొక్కసారి నెమ్మదిగా చదవండి. అప్పుడూ అదే అంటే గడి ఖాళీగా వదిలేయండి. ఒక భాగంలోని నాలుగింటిలో ఒకటి ఖాళీ అయితే మిగతా మూడింటి సగటు తీసుకోవచ్చు. రెండు ఖాళీ అయితే ఆ భాగాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

"నాకంటూ ఒక మనిషి" అన్న భాగం మన దగ్గర అసలు తిరకాసు. ఇక్కడ చాలామందికి ఆ మనిషి భర్తో, భార్యో, పెద్దకూతురో అవుతారు. వాళ్ళు కుటుంబం భాగంలో ఎలాగూ లెక్కకొచ్చారు. దాంతో మొత్తం స్కోరులో కుటుంబం బరువు రెండింతలవుతుంది. కొందరు పోయిన భర్తను తలుచుకుని జవాబిస్తారు. కొందరు "ఆ వేంకటేశ్వరుడే" అంటారు. కాదనకండి. "ఆయన సరే, మనుషుల్లో?" అని అడగండి. ఆ నాలుగు వాక్యాలూ అయ్యాక "ఎవరిని మనసులో పెట్టుకుని చెప్పారు?" అని అడిగి, పేరు కాకుండా బంధుత్వం మాత్రం రాసుకోండి.

మొత్తాన్ని 12తో భాగిస్తే సగటు వస్తుంది. 1 నుంచి 2.9 దాకా తక్కువ, 3 నుంచి 5 దాకా మధ్యస్థం, 5.1 నుంచి 7 దాకా ఎక్కువ అని అనుకోవడం వాడుక. కానీ మొత్తాన్ని ఒక్కటే చూస్తే మోసపోతారు. ఒకాయనకు కుటుంబం భాగంలో 6, 6, 5, 7 వచ్చాయనుకోండి, సగటు 6. స్నేహితుల భాగంలో 2, 2, 1, 3 వస్తే సగటు 2. తనకంటూ ఉన్న మనిషి, అంటే భార్య, భాగంలో 6, 5, 6, 7 వస్తే సగటు 6. మొత్తం 56, సగటు 4.67. "మధ్యస్థం" అని రాసి పక్కన పెట్టేస్తారు. ఆయన బతుకంతా భార్య చుట్టూ తిరుగుతోందనీ, ఆవిడకు ఏమైనా అయితే రెండో మనిషి లేడనీ ఆ 4.67 మీకు చెప్పదు. మూడు భాగాలూ విడివిడిగా రాయండి. మొత్తం కావాలంటే చివర్లో వేసుకోండి.

కొడుకులు అమెరికాలోనో, హైదరాబాదులోనో ఉన్న ఇళ్ళలో ఇంకో చిక్కుంది. రోజూ వీడియో కాల్ మాట్లాడే కొడుకున్న తల్లి కుటుంబం భాగంలో 7కు 7 వేయవచ్చు, అది నిజమే కూడా. కానీ అర్ధరాత్రి ఛాతీలో నొప్పొస్తే ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు? దీనికి షెర్బోర్న్, స్టీవార్ట్ 1991లో ప్రచురించిన 19 అంశాల స్కేలులో చేతిసాయం గురించిన నాలుగు ప్రశ్నలు తెచ్చుకోండి: మంచాన పడితే చూసేవాళ్ళు, డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళేవాళ్ళు, వండుకోలేనప్పుడు వండిపెట్టేవాళ్ళు, ఒంట్లో బాగోలేనప్పుడు ఇంటిపని చేసేవాళ్ళు మీకు ఎంతమేరకు దొరుకుతారు? "ఎప్పుడూ దొరకరు" 1, "ఎల్లవేళలా దొరుకుతారు" 5. నాలుగింటి సగటులోంచి 1 తీసి, 4తో భాగించి, 100తో గుణించండి. 3, 2, 4, 3 వస్తే సగటు 3, స్కోరు 50. మీరు మనుషులను పంపే ఆలోచనలో ఉన్నారు కనుక మీకు అన్నింటికన్నా పనికొచ్చే అంకె బహుశా ఇదే.

ఇక తెలుగు చేయడం. ఇద్దరు విడివిడిగా తెలుగులోకి రాయాలి, కూర్చుని రెంటినీ ఒకటి చేయాలి. ఆంగ్ల మూలం చూడని మూడో మనిషి ఆ తెలుగును తిరిగి ఆంగ్లంలోకి రాస్తే, అర్థం ఎక్కడ జారిందో బయటపడుతుంది. ఆ తర్వాత ఎనిమిది పది మంది పెద్దల దగ్గర చదివి, జవాబు కాకుండా "ఇది మీకు ఏమని అర్థమైంది?" అని అడగండి. అసలు తప్పులన్నీ అక్కడే దొరుకుతాయి. "భరోసా", "ఆసరా" అన్న మాటలు మాత్రం ప్రశ్నల్లోకి రానివ్వకండి. మొదటిది మీ రాష్ట్రంలో, రెండోది తెలంగాణలో పింఛను పథకాల పేర్లుగా జనానికి అలవాటైన మాటలు. "మీకు భరోసా ఉందా?" అంటే "ఉందండీ, ఒకటో తారీఖున ఇచ్చారు" అంటారు. "కష్టం వస్తే పలికే మనిషి", "మనసులో మాట చెప్పుకునే మనిషి" అని విడమరిచి రాయండి. "ఎవరూ లేరని మీకు అనిపించదు కదా?" వంటి వాక్యాలు కూడా వద్దు. అలాంటిదానికి "అవును" అంటే ఏమిటో అడిగినవాళ్ళకే తెలియదు. ఒకసారి ఖాయం చేశాక ఏ ఇంట్లోనూ ఒక్క మాట మార్చకూడదు. అర్థం కాకపోతే మళ్ళీ చదవాలే తప్ప సొంత మాటల్లో వివరించకూడదు.

అడిగేవాళ్ళ సంగతి. మీ కుర్రాళ్ళను "వలంటీర్లు" అనకండి. 2020 నుంచి 2024 దాకా ఇంటికొచ్చి పింఛను ఇచ్చినవాళ్ళ పేరు అది. చేతిలో కాగితాలతో వలంటీరు వచ్చాడంటే పింఛను తనిఖీకి వచ్చాడనుకుంటారు. ఉన్న బంధువులను కూడా దాచి "నాకెవరూ లేరు బాబూ" అంటారు. కోడలు పక్కన నిలబడి ఉంటే ఇదే మనిషి "అంతా బాగే" అంటుంది. ఒకటి స్కోరును కిందికి లాగుతుంది, ఒకటి పైకి. రెండూ కలిసి సర్దుకుంటాయనుకోవద్దు, ఏ ఇంట్లో ఏది పనిచేసిందో మీకు తెలియదు. అందుకే మొదటి మాటే "ఇది ప్రభుత్వానిది కాదు, దీనివల్ల పింఛను రాదు, పోదు" అని ఉండాలి. పింఛను పంచే రోజుల్లో ఎవరి ఇంటికీ వెళ్ళకండి.

ఏకాంతం కోసం ఇద్దరేసి వెళ్ళాలి. ఒకరు పెద్దావిడతో పెరట్లోనో, అరుగు మీదో కూర్చుంటే, రెండోవారు ఇంట్లోవాళ్ళను హాల్లో కూర్చోబెట్టి ఇంటి వివరాల ఫారం నింపించాలి. ఆ ఫారం అవసరం మీకు ఎంత ఉన్నా లేకపోయినా, వాళ్ళను పది నిమిషాలు అక్కడ ఆపడానికి అది కావాలి! ఆడవాళ్ళను ఆడవాళ్ళే అడగాలి. చెవుడు ఉన్నవాళ్ళ దగ్గర అరిస్తే వీధంతా వింటుంది. వెలుతురు మీ ముఖం మీద పడేలా ఎదురుగా కూర్చుని, గొంతు పెంచకుండా నెమ్మదిగా, పదం పదం తెలిసేలా చదవండి. ఉదయం టిఫిన్లయ్యాక మంచి సమయం. అరగంట దాటనివ్వకండి. "అమ్మకు సరిగా చెప్పడం రాదు, నేను చెప్తా" అని కొడుకు ముందుకొస్తే మర్యాదగా వద్దనండి. మందులేం వాడుతుందో ఆయన చెప్పగలడు, ఆవిడ నమ్మకం ఎంతో చెప్పలేడు. మతిమరుపు ముదిరి ప్రశ్న చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోయేవాళ్ళ దగ్గర ఈ స్కేళ్ళు వాడొద్దు. వాళ్ళను అవసరమున్నవాళ్ళ జాబితాలో నేరుగా చేర్చేయండి.

ఎవరిని అడగాలన్నదీ ముఖ్యమే. సంఘం సమావేశానికి వచ్చేవాళ్ళకు రాగలిగే కాళ్ళున్నాయి, పలకరించే నలుగురున్నారు. మీరు వెతుకుతున్నవాళ్ళు ఆ సమావేశానికి రారు. ఓటర్ల జాబితాలో వయసు ఉంటుంది కనుక, 60 దాటినవాళ్ళందరినీ వరుసగా రాసుకోండి. 600 మంది ఉండి మీరు 120 మందిని అడగగలిగితే, మొదటి ఐదుగురిలో ఒకరిని చీటీ వేసి తీసి, అక్కడినుంచి ప్రతి ఐదో మనిషినీ తీసుకోండి. తలుపు తీయలేదని పక్కింటికి వెళ్ళిపోకండి. రెండు మూడుసార్లు తిరిగి వెళ్ళండి. దొరకని మనిషే మంచం మీద ఉండవచ్చు. ఈ 120 మంది ఊరి పరిస్థితి అంచనా వేయడానికి, కొలతలు సరిచూసుకోవడానికి. తోడు అవసరమైన ప్రతి ఒక్కరూ కావాలంటే ఆ ఆరు ప్రశ్నల లబ్బెన్ స్కేలును మాత్రం 600 మందినీ అడగాల్సిందే.

పని మొదలుపెట్టేముందు ఓ ముప్పై మందిని రెండు వారాల తేడాతో రెండుసార్లు అడిగి చూడండి. ఈ రెండు వారాల్లో వాళ్ళ బతుకుల్లో పెద్దగా ఏమీ మారదు కనుక, స్కోరులో కనిపించే తేడా మీ కొలత వణుకు. ఒకరి స్కోరు మామూలుగానే అర పాయింటు అటూ ఇటూ ఊగుతోందని తేలితే, ఏడాది తర్వాత అదే మనిషిలో వచ్చిన అర పాయింటును విజయమని రాయకూడదు. కాలేజీలో లెక్కలు తెలిసినవాళ్ళుంటే, వాక్యాలన్నీ ఒకే విషయాన్ని కొలుస్తున్నాయో లేదో చెప్పే అంకె, క్రాన్‌బాక్ ఆల్ఫా చూడమనండి. 0.7 దాటితే సరే. 0.95 దాటితే మురిసిపోకండి, జనం వాక్యాలు వినకుండా అన్నింటికీ మూడేసి గింజలు తీస్తున్నారేమో చూడండి.

ఇప్పుడు ఎన్నారై కుర్రాడి అంకె. తక్కువ స్కోరు వచ్చినవాళ్ళనే ఏరి వాళ్ళ ఇళ్ళకు మనుషులను పంపితే, ఏడాదికి వాళ్ళ స్కోరు ఎలాగూ కొంత పెరుగుతుంది. మొదటిసారి అడిగిన రోజు కోడలితో మాటామాటా వచ్చినవాళ్ళు, జ్వరంతో ఉన్నవాళ్ళు వాళ్ళలో కొందరుంటారు. రెండోసారి మామూలు రోజున దొరికితే చాలు, అంకె పైకి వస్తుంది. మీరేం చేసినా చేయకపోయినా వచ్చే పెరుగుదల అది. దాన్ని విడదీయాలంటే పోలిక కావాలి. జాబితాలోని వాళ్ళను చీటీలు వేసి రెండు సగాలు చేయండి. ఒక సగానికి ఇప్పుడు, రెండో సగానికి ఆరు నెలల తర్వాత మనుషులను పంపండి. మనుషులు చాలక ఎలాగూ అందరికీ ఒకేసారి పంపలేరు కనుక ఇందులో అన్యాయమేమీ లేదు. ఆరో నెలలో రెండు సగాలనూ కొలవండి. రెంటి పెరుగుదలలో ఉన్న తేడాయే మీ పని ఫలితం. మంచాన పడ్డవాళ్ళనూ, తిండికి ఇబ్బందిపడేవాళ్ళనూ చీటీల్లో వేయకండి, వాళ్ళకు ముందే పంపండి.

నెలలు కూడా చూసుకోండి. ఒకసారి నవంబరులో, ఇంకోసారి సంక్రాంతి వెళ్ళిన వారానికి కొలిస్తే పిల్లల రాకపోకలను కొలిచినట్టవుతుంది. వేసవి సెలవుల్లో మనవలతో ఇల్లు నిండినప్పుడూ అంతే. రెండు సగాలనూ ఒకే వారంలో అడగండి. ఏడాదిలో చనిపోయినవాళ్ళను, కూతురి దగ్గరకు వెళ్ళిపోయినవాళ్ళను నివేదికలో విడిగా చెప్పండి. వాళ్ళను చడీచప్పుడు లేకుండా తీసేస్తే మిగిలినవాళ్ళ సగటు దానంతటదే మెరుగ్గా కనిపిస్తుంది.

దిగులు జబ్బుగా మారినవాళ్ళు చుట్టూ మనుషులున్నా అన్నింటికీ 1, 2 వేస్తారు. అన్ని భాగాల్లోనూ అట్టడుగు స్కోరు వచ్చి, నిద్ర, ఆకలి కూడా పోయాయంటే వాళ్ళకు ముందు కావలసింది డాక్టరు.

ఈ స్కేళ్ళు వేధింపులను పట్టవు. కొట్టే కొడుకు మీద కూడా "అవసరానికి వాడే దిక్కు" అన్న నమ్మకం ఉండవచ్చు, స్కోరు ఎక్కువే రావచ్చు. కాబట్టి మంచి స్కోరు వచ్చిందని ఇంట్లో అంతా సవ్యంగా ఉందని రాయకండి. మాటల మధ్య ఎవరైనా దెబ్బల గురించో, తిండి పెట్టకపోవడం గురించో, ఆస్తి రాయించుకోవడం గురించో బయటపెడితే, ఫారం పక్కన పెట్టి వినండి. వాళ్ళు ఒప్పుకుంటేనే ముందుకు వెళ్ళండి. పెద్దల సహాయ ఫోన్ నంబరు 14567, ఫోన్ ఉచితం. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ట్రిబ్యునల్‌కు ఆర్డీవో స్థాయి అధికారి అధ్యక్షత వహిస్తారు, అర్జీ అక్కడ ఇవ్వాలి. బయటికి వచ్చేటప్పుడు "మా అత్తగారు ఏమన్నారు?" అని ఇంట్లోవాళ్ళు తప్పకుండా అడుగుతారు. మీ కుర్రాళ్ళంతా ఒకే జవాబు కంఠతా పట్టాలి: "ఎవరు ఏం చెప్పారో మేం ఎవరికీ చెప్పమండీ, రేపు మీరు చెప్పినా అంతే."